చేతికి తగిలిన గడ్డ

కాలికి ముల్లు గుచ్చుకుంటే వెంటనే చెబుతాం. పన్ను సలిపితే చెబుతాం. కంట్లో నలుసు పడితే పక్కింటావిడను పిలిచి మరీ చూపిస్తాం. రొమ్ములో గడ్డ తగిలితే మాత్రం నోరు పెగలదు. పెళ్ళయి పిల్లలున్న ఆడవాళ్ళే చెప్పుకోరు. ఇక 15, 16 ఏళ్ళ పిల్ల ఎలా చెబుతుంది?

ఆ వయసు పిల్లకు రొమ్ములో గడ్డ తగలడం వింతేమీ కాదు. అలాంటి గడ్డల్లో దాదాపు అన్నీ ప్రాణానికి ప్రమాదం లేనివే. కానీ ఆ సంగతి పిల్లకు తెలియదు. తల్లికీ తెలియదు. తెలియక పిల్ల లోలోపల కుమిలిపోతుంది. తెలియక తల్లి పసరు కట్టు కడుతుంది.

ఒక ఇంటి సంగతి చూద్దాం.

దాచిన మాట

పల్నాడులో ఒక ఊరు. ఆ ఇంట్లో అమ్మ, నాన్న, నాయనమ్మ, ఇద్దరు పిల్లలు. పెద్దది ఆడపిల్ల. 16 ఏళ్ళు. పదో తరగతి చదువుతోంది. చిన్నవాడు ఏడో తరగతి.

సంక్రాంతి వెళ్ళిన వారానికి ఆ పిల్ల స్నానం చేస్తోంది. సబ్బు రాసుకుంటుంటే ఎడమ రొమ్ములో ఏదో చేతికి తగిలింది. రేగుపండంత ఉంది. నొక్కితే నొప్పి లేదు. వేలు పెడితే పక్కకు జారిపోతోంది. పిల్ల గుండె గుభేలుమంది.

ఆ వీధి చివర ఒకావిడ ఉండేది. పిల్ల ఆమెను పెద్దమ్మా అని పిలిచేది. రెండేళ్ళ కిందట ఆమె రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. చివరి రోజుల్లో ఆ ఇంటి గడప తొక్కడానికి కూడా జనం జంకారు. క్యాన్సర్ అంటువ్యాధి కాదు. అయినా జంకారు. ఇప్పుడు పిల్లకు ఆ ఇల్లే కళ్ళముందు కదిలింది. "నాకూ అదే వచ్చింది" అనుకుంది.

ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెబితే ఏడుస్తుంది. నాన్నకు ఎలా చెప్పడం? నాయనమ్మకు చెబితే ఊరంతా తెలుస్తుంది. స్నేహితురాలికి చెబుదామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. సిగ్గేసింది. మింగేసింది.

రోజుకు పదిసార్లు చెయ్యి పెట్టి చూసుకునేది. పెరిగిందా? తగ్గిందా? అలా పిసికి పిసికి చూస్తే అక్కడ నొప్పి పుట్టింది. నొప్పి పుట్టేసరికి భయం రెండింతలైంది. పుస్తకం ముందు పెట్టుకుంటే అక్షరాలు ఎక్కేవి కావు. లెక్కల పరీక్ష ముందు రోజు రాత్రి ఆ పిల్ల వేసిన లెక్కలు వేరు. తను ఇంకా ఎన్నాళ్ళు బతుకుతుంది అని.

అమ్మకు అనుమానం రాలేదా? వచ్చింది. పిల్ల చిక్కిపోతోంది. పరీక్షల దిగులు అనుకుంది. ఆమె తెల్లవారకముందే మిరపకాయ కోతలకు పోయి చీకటిపడి వచ్చే మనిషి. అంతకంటే తరచి చూసే తీరిక ఏది?

తలంటు నాడు

పరీక్షలు అయ్యాయి. ఉగాది వచ్చింది. పొద్దున్నే అమ్మ పిల్లకు తలంటు పోస్తానంది. "నేనే పోసుకుంటాలే" అంది పిల్ల. ఎప్పుడూ అలా అనదు. వీపు రుద్దబోతే చేతులు రెండూ గుండెలకు అదుముకుంది.

"ఏమ్మా, ఏమైంది? నిన్ను ఎవరైనా ఏమైనా చేశారా?" అంది అమ్మ. గొంతు వణికింది.

"లేదమ్మా."

"మరి?"

పిల్ల ఏడ్చేసింది. "నాకు గడ్డ వచ్చిందమ్మా. క్యాన్సర్. నేను చచ్చిపోతాను."

అమ్మ చేతిలో చెంబు కింద పెట్టింది. పిల్ల చెయ్యి తీసి తను చూసింది. నిజమే. గోళీకాయలా ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"పండగ అయిన దగ్గర నుంచి."

"ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదేం తల్లీ?"

"నువ్వు ఏడుస్తావని."

ఆ మాటకు అమ్మ ఏడవలేదు. తను ఏడిస్తే పిల్ల భయం నిజమే అన్నట్టు అవుతుంది. తల తుడిచి, కొత్త బట్టలు కట్టించి, పచ్చడి పెట్టింది.

సాయంత్రం నాయనమ్మకు చెప్పింది. నాయనమ్మ కాసేపు ఆలోచించింది. "పెద్దమనిషి అయిన పిల్లలకు ఇట్టాంటివి వస్తుంటాయి. వేడి చేసింది. ఉమ్మెత్తాకుకు ఆముదం రాసి, వెచ్చచేసి కట్టు. నాలుగు రోజుల్లో కరిగిపోతుంది. ఆస్పత్రులంటూ తిప్పి ఊరంతా చాటకు. రేపు సంబంధాలు చూసేటప్పుడు ఏ మాట పుడుతుందో ఏమో!" అంది.

నాయనమ్మ చెడ్డమనిషి కాదు. మనవరాలి మీద ప్రేమతోనే అంది. ఆమె మాటలో ఒక ముక్క నిజం కూడా ఉంది. ఆ వయసులో ఇలాంటివి వస్తుంటాయి. కానీ ఏది మామూలు గడ్డ, ఏది కాదు అన్నది ఉమ్మెత్తాకు చెప్పలేదు. వేడి ఆకు కడితే చర్మం బొబ్బలెక్కవచ్చు. లోపలి గడ్డ కరగదు. పైగా ఉమ్మెత్త విషపు మొక్క. కొన్నిచోట్ల గడ్డ మీద సున్నం పట్టు వేస్తారు. వాతలు పెడతారు. వాటి వల్ల పుండు పడుతుంది. డాక్టరు చూడవలసిన చోటే పాడవుతుంది.

అమ్మ రెండు రోజులు తటపటాయించింది. మూడో రోజు ఆశ కార్యకర్త ఇంటికి వెళ్ళింది. ఆమె వరసకు వదిన అవుతుంది.

"వదినా, ఒక మాట చెబుతా. నీ కడుపులోనే ఉంచుకోవాలి."

"చెప్పు వదినా. ఎవరి సంగతీ ఇంకొకరికి చెప్పను."

విన్నాక ఆమె అయ్యయ్యో అనలేదు. "గురువారం ఆరోగ్య కేంద్రానికి పోదాం. లేడీ డాక్టరు ఉంటారు. పిల్లకు అన్నం పెట్టి తీసుకురా. ముందు గుండీలు ఉన్న చొక్కా గానీ, లంగా ఓణీ గానీ వెయ్యి. విప్పి చూపించడం తేలిక" అంది.

ఆ రాత్రి అమ్మ నాన్నకు కూడా చెప్పింది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరవాత "గురువారం పనికి పోను. ఆటో మాట్లాడతా" అన్నాడు.

డాక్టరమ్మ చూసిన తీరు

డాక్టరమ్మ పిల్లను కూర్చోబెట్టింది. "అమ్మ ఇక్కడ ఉండాలా, బయట కూర్చోవాలా? నీ ఇష్టం" అంది. అమ్మ ఉండాలంది పిల్ల.

మొదట ప్రశ్నలు. గడ్డ ఎప్పుడు తగిలింది? అప్పటి నుంచి పెరిగిందా? నెలసరి ఎప్పుడు వచ్చింది? నెలసరి ముందు గడ్డ పెద్దదై తరవాత తగ్గుతోందా? చనుమొన నుంచి నీరు గానీ, నెత్తురు గానీ కారిందా? జ్వరం వచ్చిందా? అక్కడ దెబ్బ తగిలిందా? ఇంతకుముందు పెద్ద జబ్బు ఏదైనా చేసిందా?

"అమ్మ వైపు గానీ, నాన్న వైపు గానీ ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చిందా?"

పిల్ల గబుక్కున చెప్పింది. "మా వీధి పెద్దమ్మకు వచ్చిందండీ. చనిపోయింది."

"ఆమె మీకు రక్తసంబంధమా?"

"కాదండీ. వరసకు పిలవడమే" అంది అమ్మ.

"అయితే ఆమె జబ్బుకూ నీకూ ఏ సంబంధమూ లేదమ్మా" అంది డాక్టరమ్మ.

సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆ పిల్ల మోసిన భయంలో సగం ఆ ఒక్క మాటతో దిగిపోయింది.

తరవాత తెర వేశారు. ఏఎన్ఎం పక్కనే నిలబడింది. డాక్టరమ్మ ముందు రెండు రొమ్ములనూ కంటితో చూసింది. ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా ఉన్నాయని పిల్ల సిగ్గుపడింది. "చాలామందికి అలాగే ఉంటుంది" అంది డాక్టరమ్మ. పిల్లను పడుకోబెట్టి, చెయ్యి తల కింద పెట్టుకోమంది. మూడు వేళ్ళు కలిపి, వేళ్ళ మెత్తటి భాగంతో మెల్లగా నొక్కుతూ రొమ్మంతా చూసింది. గడ్డ లేని రొమ్మును కూడా అలాగే చూసింది. చంకల్లో బిళ్ళలు కట్టాయేమో చూసింది. అయిదు నిమిషాల పని. నొప్పి లేదు.

అన్నిచోట్లా లేడీ డాక్టరు దొరకరు. మగ డాక్టరు చూడవలసి వస్తే పక్కన ఆడమనిషి ఉండాలి. నర్సో, అమ్మో, ఆశ కార్యకర్తో. ఎవరూ లేకపోతే పిలవమని అడగండి. ముందు ఏం చేయబోతున్నారో చెప్పమని కూడా అడగండి. మంచి డాక్టరు ఎవరూ దీనికి కోపం తెచ్చుకోరు.

డాక్టరమ్మ చేతులు కడుక్కుని వచ్చి చెప్పింది. "రొమ్ములో పాలు తయారయ్యే తిత్తులు ఉంటాయి. వాటిచుట్టూ పీచులాంటి కండ ఉంటుంది. పెద్దమనిషి అయ్యే వయసులో ఒంట్లో హార్మోన్లు పని మొదలుపెడతాయి. రొమ్ములు పెరుగుతాయి. ఒక్కోసారి ఒకచోట ఆ కండ, ఆ తిత్తులు కొంచెం ఎక్కువగా పెరిగి ఉండ కడతాయి. నీ గడ్డ నున్నగా, గుండ్రంగా ఉంది. రబ్బరు బంతిలా ఉంది. వేలికి దొరక్కుండా జారిపోతోంది. అలాంటి గడ్డను ఫైబ్రోఅడినోమా అంటాం. ఈ వయసులో వచ్చే గడ్డల్లో ఎక్కువ అదే. అది క్యాన్సర్ కాదు."

వేలికి దొరకదు కాబట్టి డాక్టర్లు దీనికి రొమ్ములో చిట్టెలుక అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు. ఆ పేరు విని పిల్ల నవ్వింది. చాలా రోజుల తరవాత నవ్వింది.

"నా వల్లే వచ్చిందా అండీ?" అని అడిగింది పిల్ల.

ఎందుకు అడిగిందో డాక్టరమ్మకు అర్థమైంది. ఇలాంటి పిల్లలు మనసులో ఏవేవో తప్పులు తమ మీద వేసుకుంటారు. బిగుతు బాడీ వేసుకున్నందుకు వచ్చిందనుకుంటారు. బోర్లా పడుకున్నందుకు అనుకుంటారు. ఏదో పాపం అనుకుంటారు. వీటిలో దేనివల్లా గడ్డ రాదు. తినే తిండి వల్ల రాదు. ఒకరి నుంచి ఇంకొకరికి అంటదు.

"అయితే మందు రాయండమ్మా" అంది అమ్మ.

"దీన్ని కరిగించే బిళ్ళ అక్కర్లేదు. కానీ చేత్తో చూసి వదిలెయ్యకూడదు. స్కానింగు తీయించుకు రండి" అని చీటీ రాసింది.

స్కానింగు గదిలో

వాళ్ళు గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్ళారు. ఓపీ చీటీ రాయించుకున్నారు. వరసలో నిలబడ్డారు. పొద్దున పోతే మధ్యాహ్నం అయింది. ఇలాంటి పనికి వెళ్ళేటప్పుడు అన్నం డబ్బా, నీళ్ళ సీసా పట్టుకు వెళ్ళడం మంచిది.

స్కానింగు అంటే పిల్ల భయపడింది. కడుపుతో ఉన్నప్పుడు బిడ్డను చూసే స్కానింగు ఉంటుంది కదా, ఇదీ అలాంటిదే. చల్లటి జిగురు రాసి, చిన్న పరికరం పెట్టి తిప్పుతారు. లోపల ఉన్నది తెర మీద కనిపిస్తుంది. కోత లేదు. సూది లేదు. ఎక్స్‌రే కిరణాలు లేవు.

మామోగ్రాం అనే పరీక్ష వేరు. అది రొమ్ముకు తీసే ఎక్స్‌రే. పెద్ద వయసు ఆడవాళ్ళకు అది బాగా పనికొస్తుంది. చిన్న వయసులో రొమ్ము కండ చిక్కగా ఉంటుంది. ఎక్స్‌రేలో గడ్డ సరిగా తెలియదు. అందుకే ఆడపిల్లలకు స్కానింగే తీస్తారు.

స్కానింగు చూసి కొన్నిసార్లు సూది పరీక్ష కూడా చేయమంటారు. గడ్డలోకి సూది పంపి చిన్న ముక్కో, కొంచెం కణాలో తీసి పరీక్షకు పంపుతారు. సూది గుచ్చితే గడ్డ క్యాన్సర్‌గా మారుతుందని, ఒళ్ళంతా పాకుతుందని ఊళ్ళలో అంటారు. అది తప్పు. ఆ మాట నమ్మి పరీక్ష మానుకున్నవాళ్ళే నష్టపోయారు.

ఈ పిల్లకు సూది పరీక్ష అవసరం పడలేదు. సాయంత్రానికి కాగితం చేతికి వచ్చింది.

కాగితం ఇంగ్లీషులో ఉంది. అమ్మ ఈ మధ్యనే తెలుగు చదవడం నేర్చుకుంది. ఇంగ్లీషు రాదు. అయినా కాగితం తిప్పి తిప్పి చూసింది. అంకెలు తెలుసు కదా! 2.1, దాని పక్కన 1.6 అని ఉన్నాయి. "ఇదేమిటండీ?" అని అక్కడున్న నర్సును అడిగింది. "గడ్డ కొలతమ్మా. పొడవు 2.1 సెంటీమీటర్లు, వెడల్పు 1.6" అంది నర్సు. చిటికెన వేలి గోరు వెడల్పు దాదాపు ఒక సెంటీమీటరు. అంటే రెండు గోళ్ళంత అన్నమాట. అమ్మ తన నోటు పుస్తకం తీసి రాసుకుంది. తారీఖు వేసింది. "ఎడమ రొమ్ము. 2.1, 1.6." అక్షరాలు కొంచెం వంకరగా వచ్చాయి. కానీ అన్నీ ఉన్నాయి.

మళ్ళీ ఆరోగ్య కేంద్రానికి వచ్చారు. డాక్టరమ్మ కాగితం చూసింది. "గడ్డ అంచులు నున్నగా ఉన్నాయి. అనుకున్నదే. కోయక్కర్లేదు. ఆరు నెలల తరవాత మళ్ళీ స్కానింగు తీయిద్దాం" అంది.

అమ్మకు తృప్తిగా లేదు. "గడ్డ లోపలే ఉంటే ఎట్టాగమ్మా? తీసేస్తే పీడ పోతుంది కదా?"

ఇది అందరూ అడిగే ప్రశ్నే. ఈ గడ్డ కొందరిలో అలాగే ఉండిపోతుంది. కొందరిలో మెల్లగా చిన్నదైపోతుంది. కొందరిలో కొంచెం పెరుగుతుంది. కోస్తే మచ్చ మిగులుతుంది. ఇంకా పెరుగుతున్న రొమ్ముకు అనవసరంగా కత్తి తగలడం మంచిది కాదు. గడ్డ గబగబా పెరిగితే తీస్తారు. 5 సెంటీమీటర్లు దాటితే, అంటే నిమ్మకాయంత అయితే తీస్తారు. నొప్పి ఎక్కువగా ఉన్నా, పరీక్షలో అనుమానం వచ్చినా తీస్తారు. అప్పుడు కూడా గడ్డనే తీస్తారు. రొమ్మును తీసెయ్యరు.

ఇక అమ్మ అసలు ప్రశ్న అడిగింది. చాలా మెల్లగా అడిగింది. "పెళ్ళికి అడ్డమా అమ్మా? రేపు బిడ్డకు పాలు వస్తాయా?"

"పెళ్ళికి అడ్డం కాదు. కాన్పుకు అడ్డం కాదు. పాలకూ అడ్డం కాదు. కడుపుతో ఉన్నప్పుడు గడ్డ కొంచెం పెరగవచ్చు. అప్పుడు ఒకసారి చూపించుకుంటే చాలు. అయినా పదహారేళ్ళకే పెళ్ళి మాట ఎందుకు? ముందు ఇంటర్‌లో చేర్చండి" అంది డాక్టరమ్మ.

అన్ని గడ్డలూ ఒకటి కావు

ఈ పిల్ల గడ్డ ఒక రకం. వేరే రకాలూ ఉన్నాయి.

8 ఏళ్ళ నుంచి 13 ఏళ్ళ లోపు ఆడపిల్లలకు చనుమొన కింద చిన్న బిళ్ళలా గట్టిగా తగులుతుంది. ముట్టుకుంటే నొప్పి. ఒక్కోసారి ముందు ఒకవైపే వస్తుంది. రెండోవైపు కొన్ని నెలలకు వస్తుంది. తల్లులు ఇది చూసి హడలిపోతారు. ఇది గడ్డ కాదు. రొమ్ము మొగ్గ. రొమ్ము పెరగడం అలాగే మొదలవుతుంది. దీన్ని ఎవరితోనూ కోయించకూడదు. ఈ మొగ్గను కోసి తీసేస్తే ఆ వైపు రొమ్ము ఇక పెరగదు. జన్మంతా అలాగే ఉండిపోతుంది. మళ్ళీ చదవండి, ఇది ముఖ్యం. మరి 8 ఏళ్ళు కూడా నిండని పిల్లకు రొమ్ములు వస్తుంటే డాక్టరుకు చూపించాలి. అంత చిన్న వయసులో ఎందుకు వస్తున్నాయో చూస్తారు.

మగపిల్లలకు కూడా 13, 14 ఏళ్ళప్పుడు చనుమొన కింద ఇలాంటి బిళ్ళ తగులుతుంది. వాళ్ళు ఆడపిల్లల కంటే ఎక్కువ దాస్తారు, ఎగతాళి చేస్తారని. చాలామందికి ఏడాది, రెండేళ్ళలో దానంతట అదే పోతుంది.

కొందరికి నెలసరి దగ్గరపడితే రొమ్ములు బరువెక్కుతాయి. గరుకు గరుకుగా, ఉండలు ఉండలుగా తగులుతాయి. నెలసరి అయ్యాక తగ్గిపోతాయి. కాబట్టి ఏదైనా కొత్తగా తగిలితే, నెలసరి అయిన వారానికి మళ్ళీ చూసుకోవాలి. అప్పటికీ ఉంటే చూపించాలి.

రొమ్ము ఎర్రగా కంది, వేడిగా ఉండి, సలుపు, జ్వరం ఉంటే అది చీము గడ్డ కావచ్చు. పాలిచ్చే తల్లులకు ఎక్కువగా వస్తుంది. దీనికి ఆరు నెలలు ఆగకూడదు. ఆరు రోజులు కూడా ఆగకూడదు. అదే రోజు ఆస్పత్రికి పోవాలి. ఇంట్లో సూదితో గుచ్చకూడదు.

ఇంకొన్ని గుర్తులు ఉన్నాయి. గడ్డ రాయిలా గట్టిగా ఉండి కదలకపోవడం. వారాల్లోనే పెరిగిపోవడం. మీది చర్మం సొట్టపడటం, లేదా నారింజ తొక్కలా గుంటలు గుంటలుగా కావడం. బాగున్న చనుమొన కొత్తగా లోపలికి పోవడం. చనుమొన నుంచి నెత్తురు రావడం. చంకలో గట్టి బిళ్ళ. వీటిలో ఏది కనిపించినా, ఏ వయసువారైనా వెంటనే చూపించుకోవాలి. 16 ఏళ్ళ పిల్లకు క్యాన్సర్ గడ్డ రావడం చాలా చాలా అరుదు. అరుదు అంటే అసలు రాదని కాదు. అందుకే ఊహించడం కంటే చూపించడం మేలు.

అమ్మ వంతు

కాగితాలు మడిచి అమ్మ లేవబోయింది.

"ఆగండి. మీ వయసెంత?" అంది డాక్టరమ్మ.

"38 అండీ."

"మీ రొమ్ములు ఎప్పుడైనా పరీక్ష చేయించుకున్నారా?"

"నాకేం అమ్మా! నొప్పీ గిప్పీ ఏమీ లేదు."

వీధి చివరి పెద్దమ్మ కూడా ఆ మాటే అంది. ఆమె గడ్డకు నొప్పి లేదు. నొప్పి లేదు కదా అని ఏడాదిన్నర ఊరుకుంది. పైట చాటున పుండు పడేదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు. రొమ్ము క్యాన్సర్ గడ్డకు మొదట్లో చాలాసార్లు నొప్పి ఉండదు. నొప్పి లేకపోవడం మంచి గుర్తు అనుకుంటాం. పెద్ద వయసులో ఆ లెక్క పనికిరాదు. మన దేశంలో ఆడవాళ్ళకు వచ్చే క్యాన్సర్లలో ఇప్పుడు రొమ్ము క్యాన్సరే ఎక్కువ. గడ్డ చిన్నగా ఉన్నప్పుడే పట్టుకుంటే చాలామందికి నయమవుతుంది. పుండు పడ్డాక వైద్యం కష్టం.

2016లో కేంద్ర ప్రభుత్వం ఒక పద్ధతి పెట్టింది. 30 ఏళ్ళు దాటిన ఆడవాళ్ళకు అయిదేళ్ళకు ఒకసారి రొమ్ము పరీక్ష చేయాలి. నోటి క్యాన్సర్, గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ పరీక్షలు కూడా చేయాలి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఈ పరీక్షకు డబ్బు కట్టనక్కర్లేదు. ఎవరూ పిలవలేదని కూర్చోవద్దు. మనమే వెళ్ళి అడగాలి.

క్యాన్సర్ అని తేలితే మాత్రం ఖర్చుకు జడిసి ఆగకూడదు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన దగ్గర నుంచి పేదవాళ్ళ క్యాన్సర్ వైద్యానికి ప్రభుత్వం డబ్బు కడుతోంది. ఆంధ్రలో ఇప్పుడు దాన్ని ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ అనే అంటున్నారు. ఈ పథకం ఉన్న ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర అనే ఉద్యోగి ఉంటారు. కార్డు చూపించి ఆయన్ను అడగాలి. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి ప్రభుత్వానిదే. 1955 నుంచి ఉంది.

అమ్మ తెర వెనక్కి వెళ్ళింది. ఈసారి పిల్ల బయట బల్ల మీద కూర్చుంది. అమ్మ కోసం ఎదురుచూస్తూ గోళ్ళు కొరుక్కుంది. అయిదు నిమిషాల్లో అమ్మ వచ్చింది. గడ్డ ఏదీ లేదు. నోటు పుస్తకంలో ఇంకో వరస రాసింది. తన పేరు, తారీఖు, "బాగానే ఉంది."

దసరా దగ్గరపడింది. ఆరు నెలలు నిండాయి. పిల్ల ఇంటర్ మొదటి సంవత్సరంలో చేరింది. ఈ ఆరు నెలల్లో రోజుకు పదిసార్లు చెయ్యి పెట్టి చూసుకోవడం మానేసింది. నెలకు ఒకసారి, నెలసరి అయ్యాక, స్నానం చేసేటప్పుడు చూసుకుంటే చాలని డాక్టరమ్మ చెప్పింది. గడ్డ ఉన్న పిల్ల కాబట్టి అలా చెప్పింది. ఏమీ లేని ఆడపిల్లలు లెక్కపెట్టి వెతుక్కోనక్కర్లేదు. తమ ఒళ్ళు మామూలుగా ఎలా ఉంటుందో తెలిసి ఉంటే చాలు.

మళ్ళీ గుంటూరు వెళ్ళారు. మళ్ళీ వరసలో నిలబడ్డారు. కాగితం రాగానే అమ్మ ముందు అంకెలు వెతికింది. 2.0, 1.6. నోటు పుస్తకం తీసి పాత వరస పక్కన పెట్టి చూసింది.

"పెరగలేదే" అంది.

"చిట్టెలుక అక్కడే ఉందిలేమ్మా" అంది పిల్ల.

ఇంటికి వచ్చాక నాయనమ్మ అడిగింది. "ఏమందంట డాక్టరమ్మ? కోస్తారంటనా?"

"కొయ్యరంట అత్తయ్యా. మళ్ళీ ఆరు నెలలకు రమ్మంది."

"సరే. ఈసారి నన్నూ తీసుకుపొండి. నాకూ చంకలో ఏదో బిళ్ళలా ఉంది. ఏడాది అయింది" అంది నాయనమ్మ.

అమ్మ ఆరు నెలలు ఆగలేదు. ఆ సోమవారమే తీసుకువెళ్ళింది.

మీ కేంద్రంలో కూర్చుని మాట్లాడుకోండి. మీ ఊరికి ఏఎన్ఎం ఏ రోజు వస్తుంది? మీ దగ్గరి ఆరోగ్య కేంద్రంలో లేడీ డాక్టరు ఏ వారం ఉంటారు? మీలో 30 ఏళ్ళు దాటినవాళ్ళు ఎందరు? వారిలో రొమ్ము పరీక్ష చేయించుకున్నవాళ్ళు ఎందరు? చేయించుకోనివాళ్ళ పేర్లు పలక మీద రాయండి. ఎవరెవరు కలిసి వెళతారో, ఏ రోజు వెళతారో ఆ పేర్ల పక్కన రాయండి.